వేడి చెప్పే సూది అబద్ధమాడితే

చాలా ఏళ్ల కిందట ఒక మే నెలలో, కర్నూలు జిల్లాలో కాలువ తవ్వే చోట ఒక పూట గడపాల్సి వచ్చింది. అక్కడ ఒక ప్రొక్లెయిన్ పనిచేస్తోంది. దాని అసలు పేరు హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్. పొక్లెయిన్ అనేది 1951లో తన మొదటి హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్‌ను తయారుచేసిన ఫ్రెంచి కంపెనీ పేరు. వనస్పతికి డాల్డా అన్న పేరు స్థిరపడినట్టే, మన దగ్గర ఆ యంత్రానికి కంపెనీ పేరే, అదీ నోటికి అనువుగా మారి, ప్రొక్లెయిన్‌గా నిలిచిపోయింది.

పన్నెండు గంటల వేళ యంత్రం వెనక భాగం నుంచి ఆవిరి చిమ్మింది. మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు. ఆపరేటరు కుర్రవాడు క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి, "సూది సూడన్నా, రోజూ ఉండే కాడనే ఉంది" అన్నాడు. నిజమే. ఇంజను నీళ్ల ఉష్ణోగ్రత చూపే సూది ఎర్రగీతకు చాలా ఇవతల, నింపాదిగా నిలబడి ఉంది. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుని గాలి ఆడక లోపల నీళ్లు మరుగుతున్నాయి. సూదికి మాత్రం ఆ సంగతి తెలియదు.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ముందురోజే అనుమానం వచ్చి, ఆ ఉదయం పని మొదలుపెట్టక ముందు మెకానిక్ ఆ సెన్సార్‌ను పరీక్షించాడు. మీటరు పెట్టి చూస్తే రావాల్సిన అంకె దాదాపుగా వచ్చింది. ఉదయం నిజం చెప్పిన సెన్సార్ మధ్యాహ్నం ఎందుకు అబద్ధమాడింది? ఇంజను కాలిపోతే లక్షల రూపాయల నష్టం. కాంట్రాక్టరు సంగతి అలా ఉంచి, ఆ నష్టం ముందుగా ఆపరేటరు నెత్తినే పడుతుంది. "సూది చూసుకోలేదా?" అని అడుగుతారు. అతను చూసుకున్నాడు. అదే అతని దురదృష్టం.

ఉష్ణోగ్రత చూపే పరికరం తప్పు చూపిస్తే, తప్పు వేడిదా, పరికరానిదా అని ఎలా తేల్చాలి? ఇది కొత్త ప్రశ్న కాదు. విద్యుత్తుతో వేడిని కొలవడం మొదలైన రోజునే ఈ ప్రశ్న కూడా పుట్టింది. ఆ కథ మొదలైంది ఒక ఓడ అడుగు అంతస్తులో.

ఓడలో చుట్టలు చుట్టిన తీగ

లోహపు తీగ వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుందని ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ 1821లోనే గమనించాడు. నిరోధాన్ని కొలిస్తే ఉష్ణోగ్రత తెలుసుకోవచ్చన్న మాట. కాని దాదాపు నలభై ఏళ్లపాటు ఈ ఆలోచనతో ఎవరికీ గట్టి అవసరం పడలేదు.

1860లో అవసరం పడింది. రంగూన్ నుంచి సింగపూర్‌కు సముద్రం అడుగున వేయడానికి ఒక టెలిగ్రాఫ్ కేబుల్ తయారుచేశారు. (రంగూన్ అంటే మన ఉత్తర కోస్తా జనం 'రంగం' అని పిలిచి, పొట్ట చేతబట్టుకుని వలసపోయిన ఊరే.) ఆ కేబుల్‌ను ఇంగ్లండ్‌లో ఓడకెక్కించి చుట్టలు చుట్టలుగా పేర్చారు. కేబుల్ లోపల రాగి తీగ, దాని చుట్టూ గట్టాపెర్చా అనే చెట్టు బంక పొర, ఆ పైన జనుము, ఇనుప తీగలు. తడి జనుము తగిలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టడం కూడా ఒక రకంగా నిదానంగా మండడమే కాబట్టి వేడి పుడుతుంది. చుట్టల మధ్య నుంచి ఆ వేడి బయటకు పోలేదు. గట్టాపెర్చా వేడికి మెత్తబడితే లోపలి రాగి తీగ పక్కకు జరిగి కేబుల్ మొత్తం పనికిరాకుండా పోతుంది.

పర్యవేక్షణలో ఉన్న విలియం సీమెన్స్‌కు ఈ భయం ఉంది. జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఇంజనీరు ఆయన. చుట్టల పైన పాదరసపు థర్మామీటరు పెడితే చల్లగానే చూపిస్తుంది. లోపలికి దాన్ని దూర్చలేం, దూర్చినా చూడలేం. అందుకని సీమెన్స్ రాగి తీగ చుట్టిన చిన్న చిన్న కడ్డీలను కేబుల్ పొరల మధ్య అక్కడక్కడ పెట్టించి, వాటి చివరలను బయటకు తెచ్చి నిరోధం కొలిచాడు. లోపల పొరలు పైపొర కంటే బాగా వేడెక్కి ఉన్నాయని అంకెలు చెప్పాయి.

ఎవరూ నమ్మలేదు. పైన చెయ్యి పెడితే చల్లగా ఉంది, థర్మామీటరూ చల్లగా ఉందనే అంటోంది. ఎవరికీ అలవాటు లేని ఒక తీగ మాత్రం వేడిగా ఉందంటోంది. మరి తప్పు ఎవరిది? చివరకు చుట్టల మీద చల్లని నీళ్లు గుమ్మరించారు. కిందనుంచి బయటికి వచ్చిన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి! దాంతో వాదన ముగిసింది. కొత్త పరికరం మాటను వేరే దారిలో వచ్చిన రెండో సాక్షి బలపరిచాడు. ఈ నీళ్ల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ మన కాలువ దగ్గర పనికొస్తుంది. ఆ కేబుల్ మాత్రం రంగూన్ చేరనే లేదు. దాన్ని మళ్లించి 1861లో మధ్యధరా సముద్రంలో మాల్టా, అలెగ్జాండ్రియాల మధ్య వేశారు.

పరికరానికే జబ్బు

ఓడలో గెలిచిన సీమెన్స్ కొలిమి దగ్గర ఓడిపోయాడు. 1871లో లండన్ రాయల్ సొసైటీలో ఇచ్చిన బేకరియన్ ఉపన్యాసంలో ఆయన రాగికి బదులు ప్లాటినం తీగ వాడితే ఉక్కు కొలుముల వేడిని కూడా కొలవచ్చన్నాడు. మట్టి స్తంభం మీద ప్లాటినం తీగ చుట్టి, ఇనుప గొట్టంలో పెట్టిన పరికరాలు తయారయ్యాయి. బ్రిటిష్ అసోసియేషన్ ఒక సంఘాన్ని వేసి వాటిని పరీక్షింపజేసింది. 1874లో ఆ సంఘం చెప్పింది నిరాశ కలిగించేదే. కొలిమిలో పెట్టి, తీసి, చల్లార్చి మళ్లీ కొలిస్తే తీగ నిరోధం మొదటి అంకెకు తిరిగి రావడం లేదు. కొలిమికి వెళ్లొచ్చిన ప్రతిసారీ కాస్త పెరుగుతోంది. వేడిని కొలవాల్సిన తీగనే వేడి మార్చేస్తోంది.

ఇంతటితో చాలామంది ప్లాటినం ఉష్ణమాపకాన్ని పక్కన పెట్టేశారు. పుస్తకాల్లో ఇలాంటి మలుపులను ఒక్క వాక్యంలో దాటేస్తారు గాని, నాకు మొత్తం కథలో ఇదే ముఖ్యమైన ఘట్టమనిపిస్తుంది. "పనికిరాదు" అనే తీర్పు వేరు, "ఎందుకు చెడింది" అనే ప్రశ్న వేరు.

రెండో ప్రశ్న వేసినవాడు హ్యూ కాలెండర్ అనే యువకుడు. కేంబ్రిడ్జిలో కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ దగ్గర పనిచేస్తూ, 1887లో వెలువడిన పరిశోధన వ్యాసంలో అతను చూపించింది ఇది: దోషం ప్లాటినానిది కాదు, దాన్ని కూర్చోబెట్టిన తీరుది. ఇనుప గొట్టంలో వేడికి పుట్టే వాయువుల మధ్య మట్టిలోని సిలికాన్ విడివడి ప్లాటినంలోకి చేరుతోంది. అదీగాక తీగను బిగించి చుట్టడం వల్ల వేడికి సాగి, చల్లారాక ముడుచుకునేటప్పుడు దాని మీద ఒత్తిడి పడుతోంది. శుద్ధమైన ప్లాటినం తీగను అభ్రకపు చట్రం మీద వదులుగా చుట్టి, శుభ్రమైన గాజు లేదా పింగాణీ గొట్టంలో ఉంచితే అదే తీగ ఎన్నిసార్లు వేడి చేసినా మాట తప్పలేదు. 1927లో ప్రపంచ దేశాలు అంతర్జాతీయ ఉష్ణోగ్రతా మానాన్ని ఒప్పుకున్నప్పుడు, విశాలమైన పరిధిలో ప్రామాణిక పరికరంగా నిలిచింది ఒకప్పుడు పనికిరాదని తీసిపారేసిన ఈ ప్లాటినం ఉష్ణమాపకమే.

కాలెండర్ ఇంకొక దొంగను కూడా పట్టుకున్నాడు. పరికరం కొలిమిలో ఉంటుంది, మీటరు దూరంగా ఉంటుంది. రెంటినీ కలిపే తీగలకూ నిరోధం ఉంటుంది కదా! ఈ రోజు వాడుకలో ఉన్న సాధారణ ప్లాటినం సెన్సార్‌కు సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు నిరోధం ఉంటుంది. అంటే డిగ్రీకి 0.4 ఓము కంటే తక్కువ. కలిపే తీగల్లో ఒక్క ఓము అదనంగా చేరితే రెండున్నర డిగ్రీలకు పైగా తప్పు వస్తుంది. దీనికి కాలెండర్ ఉపాయం సులువైనది. అసలు తీగల పక్కనే, అంతే పొడవున్న ఉత్త తీగల జతను నడిపించాడు. వీట్‌స్టన్ బ్రిడ్జిలో అసలు జతను ఒక పక్క, ఉత్త జతను రెండో పక్క పెడితే దారిలో చేరిన నిరోధం రెండు వైపులా సమానమై రద్దయిపోతుంది.

ఒక చిన్న పక్కదారి. హ్యూ కాలెండర్ కొడుకు గై కాలెండర్, ఆవిరి యంత్రాల ఇంజనీరు. ఆయన ప్రపంచం నలుమూలల వాతావరణ కేంద్రాల థర్మామీటర్ల అంకెలు సేకరించి, భూమి వేడెక్కుతోందనీ, అందుకు బొగ్గుపులుసు వాయువు కారణమనీ 1938లో ఒక వ్యాసం రాశాడు. నగరాల వేడి వల్ల థర్మామీటర్లే తప్పు చూపిస్తున్నాయేమో అన్న సందేహాన్ని ఆయనా ఎదుర్కొన్నాడు. ఆ ఇంటికి ఈ ప్రశ్న వారసత్వంగా వచ్చినట్టుంది.

వేడెక్కితే తగ్గే నిరోధం

ప్లాటినం ఖరీదైనది, దాని మార్పు స్వల్పం. మట్టి తవ్వే యంత్రానికి చవకైనది, గట్టిగా మాట్లాడేది కావాలి. దాని మూలం కూడా పాతదే. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌ను వేడిచేసి చూస్తే, లోహాలకు పూర్తి విరుద్ధంగా, వేడెక్కేకొద్దీ దానిలో విద్యుత్తు ఇంకా సులువుగా పారింది. ఇలాంటి అర్ధవాహక పదార్థాలను 1930లో అమెరికాలో శామ్యూల్ రూబెన్ ఉష్ణమాపకంగా మలిచాడు. 1940ల దశకంలో బెల్ ప్రయోగశాలలవారు మాంగనీసు, నికెలు, కోబాల్టు ఆక్సైడ్లను కాల్చి చేసిన చిన్న పూసలను ఎక్కడైనా వాడదగ్గ సరుకుగా మార్చారు. ఇదే థర్మిస్టర్.

ఇప్పుడు ప్రొక్లెయిన్‌లోకి వద్దాం. ఇది వేడిని తనలో తానే పుట్టించుకునే యంత్రం. నూనెను సుమారు 350 బార్ ఒత్తిడికి, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 350 రెట్లకు తోసి, ఆ బలంతో బకెట్‌ను కదిలిస్తుంది. బకెట్ రాయికి తగిలి కదలకపోతే ఆ నూనె రిలీఫ్ వాల్వ్ గుండా వృథాగా తప్పించుకుంటుంది. పని జరగలేదు కాబట్టి ఆ శక్తంతా వేడిగా మారాలి. ఒత్తిడిని నూనె సాంద్రతతోను, విశిష్టోష్ణంతోను భాగించి చూడండి. నూనె ఆ వాల్వ్‌ను దాటిన ఒక్కసారికే దాని ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది! వేడెక్కిన నూనె పలచబడుతుంది. 40 డిగ్రీల దగ్గర 46 సెంటీస్టోకుల స్నిగ్ధత ఉన్న నూనెకు 100 డిగ్రీల దగ్గర 7 కూడా మిగలదు. పలచని నూనె పంపు భాగాల మధ్య పొరగా నిలబడలేదు. రబ్బరు సీళ్లు గట్టిపడి పగులుతాయి. అందుకే నూనెకు ఒక థర్మిస్టర్, ఇంజను నీళ్లకు ఒకటి. నేటి యంత్రాల్లో ఇంకా చాలా చోట్ల ఉంటాయి.

థర్మిస్టర్‌ను చదివే విధానం స్కూలు పాఠమే. యంత్రంలోని కంప్యూటరు ఒక స్థిరమైన నిరోధం గుండా సెన్సార్‌కు 5 వోల్టులు పంపి, సెన్సార్ కొసల మధ్య ఎన్ని వోల్టులున్నాయో చూస్తుంది. వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది, వోల్టులూ తగ్గుతాయి. ఇప్పుడు తీగ తెగిపోయిందనుకోండి. నిరోధం అనంతం, మొత్తం 5 వోల్టులూ కనిపిస్తాయి. కంప్యూటరుకు అది హిమాలయాల కంటే చల్లగా తోస్తుంది. తీగ ఒలిచిపోయి ఇనుప బాడీకి తగిలిందనుకోండి, వోల్టులు సున్నా. అది కొలిమిలా తోస్తుంది. రెండూ అసాధ్యమైన ఉష్ణోగ్రతలే కాబట్టి, ఇది వేడి కాదు, తీగ దోషం అని కంప్యూటరు పసిగడుతుంది.

1990ల దశకంలో భారీ వాహనాల కోసం అమెరికాలో రూపొందిన జె1939 అనే ప్రమాణంలో ఈ తేడాకు అంకెలే ఉన్నాయి. ఇంజను నీళ్ల ఉష్ణోగ్రతకు 110 నంబరు. దాని పక్కన 3 వస్తే వోల్టేజి మామూలు కంటే ఎక్కువ అని, 4 వస్తే తక్కువ అని. 0 వస్తే సెన్సార్ బాగానే ఉంది, నీళ్లే నిజంగా ప్రమాదకరంగా వేడెక్కాయి అని. కోడు కనబడగానే కొత్త సెన్సార్ కొనుక్కొచ్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నిజానికి 110 పక్కన 0 వస్తే మార్చాల్సింది సెన్సార్‌ను కాదు, కడగాల్సింది రేడియేటర్‌ను. 3 గాని 4 గాని వస్తే ముందు ప్లగ్గు పీకి చూడాలి. ప్లగ్గు పీకితే సూది చల్లని కొసకు, దాని రెండు పిన్నులను ఒక తీగముక్కతో కలిపితే వేడి కొసకు పోవాలి. అలా పోతే తీగలు, మీటరు బాగున్నట్టు, దోషం సెన్సార్‌ది. పోకపోతే సెన్సార్ నిరపరాధి.

"అసాధ్యం" అనే గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం మనిషి నిర్ణయం, అది తప్పు కావచ్చు. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. రియాక్టర్ గుండెకాయలోని ఉష్ణోగ్రతలు 700 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 370 సెల్సియస్, దాటితే అంకెకు బదులు ప్రశ్నార్థకాలు అచ్చువేసేలా అక్కడి కంప్యూటరును అమర్చారు. ఆ ఉదయం అది ప్రశ్నార్థకాలే అచ్చువేసింది. టెక్నీషియన్లు వోల్ట్‌మీటరుతో నేరుగా కొలిస్తే కొన్నిచోట్ల 2,000 ఫారన్‌హీట్ డిగ్రీలకు పైన వచ్చింది, కొన్నిచోట్ల చాలా తక్కువ వచ్చింది. ఇంత పొంతన లేని అంకెలు నమ్మదగ్గవి కావని పక్కన పెట్టారు. పెద్ద అంకెలే నిజం. రియాక్టర్ ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయిందని తర్వాత తేలింది. సీమెన్స్ ఓడలో నమ్మని జనానికి చల్లటి నీళ్లు సాక్ష్యమిచ్చాయి. ఇక్కడ ఆ రెండో సాక్షిని పిలిచేవారు లేకపోయారు.

ఉదయం నిజం, మధ్యాహ్నం అబద్ధం

మళ్లీ కాలువ గట్టుకు వద్దాం. అక్కడ ఏ కోడూ రాలేదు. అంకె అసాధ్యమైనది కాదు గనక కంప్యూటరుకు అనుమానం రాలేదు. మెకానిక్ అన్న ఇంజను చల్లారనిచ్చి, సెన్సార్ విప్పాడు. టీ కాచే గిన్నె అడిగి తెప్పించి, నీళ్లు మరిగించి, అందులో సెన్సార్ కొసను వేలాడదీశాడు. అతనికి సీమెన్స్ ఎవరో తెలియదు, రెండో సాక్షి కావాలని మాత్రం తెలుసు. (మీరూ చేసి చూడవచ్చు. ఒక జాగ్రత్త: నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగేది సముద్రమట్టం దగ్గరే. హైదరాబాదులో 98కి కాస్త పైననే మరుగుతాయి.) మీటరు 190 ఓముల చుట్టుపక్కల చూపింది. అలాంటి సెన్సార్లకు 100 డిగ్రీల దగ్గర ఉండాల్సింది సుమారు 186. అంటే సెన్సార్ ఇప్పుడూ నిజమే చెబుతోంది!

అప్పుడతను ప్లగ్గు మళ్లీ బిగించి, సెన్సార్‌ను అదే మరిగే నీళ్లలో ఉంచి, ఈసారి క్యాబిన్ వైపు నుంచి వచ్చే తీగ చివర మీటరు పెట్టాడు. 290 వచ్చింది. మధ్యలో వంద ఓములు ఎక్కడివి? ప్లగ్గు విప్పి పిన్నులను ఎండకు పట్టి చూపించాడు. ఒక పిన్ను నిండా పచ్చటి చిలుము. కాలెండర్ ఉత్త తీగలు పెట్టి పట్టుకున్న దొంగే, వేషం మార్చుకుని వచ్చాడు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఉదయం 30 డిగ్రీల దగ్గర ఆ సెన్సార్ నిరోధం దాదాపు 1,700 ఓములు. దానికి చిలుము వంద ఓములు చేర్చినా మొత్తంలో ఆరు శాతం. చూపే ఉష్ణోగ్రతలో తేడా ఒకటిన్నర డిగ్రీ. దాన్ని ఎవరు పట్టించుకుంటారు? మధ్యాహ్నం నీళ్లు 100 డిగ్రీలకు చేరేసరికి సెన్సార్ నిరోధం 186కు పడిపోయింది. దాని మీద అదే వంద ఓములు సగానికి పైగా అదనం. 286 ఓములు చూసి కంప్యూటరు అనుకున్నది 84 డిగ్రీలని. ఇంజనుకు అది హాయిగా పనిచేసే వేడి. చిలుము ఉదయమూ మధ్యాహ్నమూ అంతే ఉంది. వేడెక్కేకొద్దీ సెన్సార్ గొంతు తగ్గింది కాబట్టి చిలుము గొంతు పెద్దదిగా వినిపించింది. ప్రమాదం దగ్గరపడేకొద్దీ అబద్ధం పెద్దదయ్యే దోషమిది. చల్లటి వేళ ఎన్నిసార్లు పరీక్షించినా దొరకదు.

మెకానిక్ గరుకు కాగితం ముక్కతో పిన్ను రుద్దాడు, ప్లగ్గు లోపల గ్రీజు రాశాడు. హెల్పరు డీజిల్ కంప్రెసరు గాలితో రేడియేటర్ దుమ్ము ఊదాడు. మూడింటికి యంత్రం మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది. సూది ఇప్పుడు అంతకుముందు కంటే కాస్త పైన నిలబడింది. ఆపరేటరు కుర్రవాడు దాన్ని చూసి, "ఇంతకు ముందే చల్లగా ఉన్నట్టుందే అన్నా" అని గొణిగాడు.